తొడుగు చెప్పని నొప్పి

అనునాదాన్ని మొదటిసారి చేతికి తొడుక్కున్న విద్యార్థిని ఏడ్చేసింది.

సాగరతీర వైద్య విద్యాలయంలోని నర్సింగ్ కాలేజీలో ప్రొఫెసర్ హెప్సిబా పెట్టిన క్లాసు అది. మంచం మీద మోకాలికి ఆపరేషన్ అయిన ఒక పెద్దాయన ఉన్నాడు. ఆయన మెడ పక్కన వేలెడంత పట్టీ అంటించారు. పక్కన నిలబడ్డ అమ్మాయి ఎడమ చేతికి మోచేతి దాకా బూడిదరంగు తొడుగు ఉంది, అదే అనునాదం. ఫిజియోథెరపిస్టు ఆయన కాలు మడవబోగానే ఆయన పళ్ళు బిగబట్టాడు. అదే క్షణంలో ఆ అమ్మాయి "అమ్మా!" అంటూ చెయ్యి వెనక్కి లాక్కుంది. గుండె కొట్టుకునే తీరు, చెమట, కండరాల బిగువు, మెడనరం మీద పరుగెత్తే సంకేతాలు - వీటన్నిటినీ పట్టీ పోగుచేసి, ఆయన నొప్పి ఎంతో లెక్కగట్టి, అందులో కొంత వాటాను ఆమె చేతికి పంపింది.

"ఇంత నొప్పి పెట్టుకుని ఇందాకటిదాకా నాతో హాస్యాలాడారా తాతగారూ?" అంది ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంటూ.

తాతగారు నవ్వాడు. హెప్సిబా కిటికీ వైపు తిరిగి కాసేపు సముద్రం చూసింది. తన కళ్ళు కూడా తడిశాయని విద్యార్థులకు తెలియడం ఆమెకు ఇష్టం లేదు.

ఈ క్లాసు దాకా రావడానికి ఆమె చాలామందితో పోట్లాడింది. ప్రసూతి వార్డులో నర్సుగా చేరిన కొత్తలోనే "ఆ మాత్రం ఓర్చుకోలేవా?" అన్న మాట మంచం మంచానికీ వినిపించేది. తర్వాత ఏజెన్సీ ఊళ్ళవాళ్ళకు ఫోన్లో, వీడియోలో వైద్య సలహాలిచ్చే కేంద్రంలో పనిచేసింది. అక్కడా అదే మాట, కాకపోతే తెర మీద. ఎదుటివాళ్ళ నొప్పి ఒక్కసారి తన ఒంటిమీదికి వస్తే ఏ నర్సు నోటా ఆ మాట రాదని ఆమెకు అనిపించింది. ఉద్యోగం చేస్తూనే డాక్టరేటు చేసింది. "నర్సుకి లేబొరేటరీ ఎందుకమ్మా?" అని అడిగినవాళ్ళకు సమాధానం చెప్పడం మానేసి, ఇంజనీర్లను వెతుక్కుంది. ఆపరేషన్ అయిన రోగుల్ని ఒప్పించి, వాళ్ళ ఒంటి సంకేతాలతో యంత్రానికి నొప్పి అంటే ఏమిటో నేర్పింది. అనునాదం పుట్టింది. రెండేళ్ళలో దేశంలోని నర్సింగ్ కాలేజీలు వరసకట్టి అడగసాగాయి.

ఆస్పత్రి డైరెక్టర్ డాక్టర్ రఘునందన్ కూడా అడిగాడు. ఆయనకు కావలసింది క్లాసు కాదు, వార్డులు.

"మార్ఫిన్ ఎవరికి అవసరమో, ఎవరికి అలవాటో తేల్చుకోలేక చస్తున్నాం మేడమ్," అన్నాడు. "మీ యంత్రం చేతిలో ఉండగా ఇంక ఊహలెందుకు? మందుల బీరువాకి దాన్ని కలిపేద్దాం. నొప్పి పదికి ఆరు దాటితే బీరువా తెరుచుకుంటుంది. దాటకపోతే మామూలు మాత్రలు."

"ఇది పాఠం చెప్పడానికి చేసింది సార్, తీర్పు చెప్పడానికి కాదు," అంది హెప్సిబా.

ఆస్పత్రి కమిటీలో మిగిలినవాళ్ళంతా డైరెక్టర్ మాటకే తలలూపారు. వానాకాలం మొదలయ్యేసరికి ప్రతి వార్డులో నర్సుల చేతులకు బూడిదరంగు తొడుగులు వచ్చాయి.

*

జమున పాడేరు పైన ఒక గూడెం నుంచి అంబులెన్సులో వచ్చింది. ఇరవై రెండో ఇరవై మూడో ఉంటాయి. కాఫీ రైతుల సంఘంలో గింజలు ఏరి నాణ్యత చూసే పని ఆమెది. పుట్టుకతో సికిల్ సెల్ జబ్బు. ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయి సన్నని నాళాల్లో ఇరుక్కుంటాయి. ఇరుక్కున్నచోటల్లా ఎముకని లోపల్నుంచి నలగ్గొట్టినట్టు ఉంటుంది. చలికీ, అలసటకీ, ఒక్కోసారి ఏ కారణమూ లేకుండానే ఆ నొప్పి వస్తుంది.

ఆ పొద్దున వార్డులో డ్యూటీలో ఉన్నది షారోను. నర్సింగ్ ఆఖరి సంవత్సరం, హెప్సిబా ఒక్కగానొక్క కూతురు. తల్లి చేసిన తొడుగంటే ఆ పిల్లకు తల్లికన్నా ఎక్కువ నమ్మకం. జమున మెడకు పట్టీ అంటించి, తొడుగు వేసుకుని, కళ్ళు మూసుకుని నిలబడింది. ఎక్కడో దూరంగా చిన్న సలుపు. అంకె మూడు.

జమున గోడకు ఒరిగి ఫోన్లో ఏదో పెళ్ళి డాన్సు వీడియో చూస్తోంది.

"అక్కా, నేను నీ నొప్పిని నా చేత్తో పట్టి చూశాను," అంది షారోను ఆమె భుజం నిమురుతూ. "నువ్వు భయపడుతున్నంత లేదు. మాత్ర వేసుకుని పడుకో, తగ్గిపోద్ది."

"నీకు నేదమ్మా," అంది జమున తల తిప్పకుండా. "నాకుంది."

అన్నం బళ్ళు వచ్చే వేళకు హెప్సిబా వార్డుకు వచ్చింది. తొడుగుల పనితీరు చూసి వెళ్ళడం ఆమెకు అలవాటు. షారోను చెప్పింది విని జమున మంచం దగ్గరికి వెళ్ళింది. ఫోన్లో వీడియో నడుస్తూనే ఉంది, జమున చూపు మాత్రం దాని మీద లేదు. దుప్పటి కింద కాలివేళ్ళు లోపలికి ముడుచుకుపోయి ఉన్నాయి.

"ఎలా ఉందమ్మా?"

"ఏటి సెప్పీది? పొద్దున్నించీ సెప్తన్నాను. తొడల్లోన, నడుంలోన, ఇప్పుడు ఎదలోకొచ్చింది. ఈ బొమ్మలు సూస్తే కూసింత మర్సిపోతానని సూస్తన్నాను."

"మరి అరవలేదేం?"

జమున ఆమెను వింతగా చూసింది. "సిన్నప్పుడు అరిసీదాన్ని. నాటకాలనీవోరు. అరిస్తే ఊపిరి ఇంకా పట్టేస్తాది. మానేసినాను."

"మా అమ్మాయి నీ నొప్పి పట్టి చూశానంటోంది."

"ఆ పిల్ల మంచిదేనమ్మా. అబద్దం ఆడనేదు. దాని సెయ్యే అబద్దం ఆడింది."

హెప్సిబా కూతురి చేతి తొడుగు తీసుకుని తాను వేసుకుంది. అదే సలుపు, అదే మూడు. జమున గుండె నెమ్మదిగానే కొట్టుకుంటోంది. చెమట లేదు. పసితనం నుంచీ నొప్పితో కాపురం చేసిన ఒళ్ళు అది. ఎవరూ రాని ఇంట్లో గంట కొట్టి ఏం లాభమని కొట్టడం మానేసింది. అనునాదానికి తెలిసింది ఆ గంట ఒక్కటే. ఆపరేషన్ అయిన మర్నాడు, కొత్తగా నొప్పి తగిలి అదిరిపోయే ఒళ్ళను చూపించి హెప్సిబాయే దానికి అలా నేర్పింది.

"గట్టిగా ఊపిరి తియ్యి జమునా."

జమున సగం దాకా తీసి ఆగిపోయింది. పెదవుల మీద నీలం రంగు సన్నగా కనబడింది. నొప్పికి జడిసి ఊపిరి పైపైన తీస్తుంటే ఊపిరితిత్తులు మూసుకుపోతున్నాయి. వేలికి పెట్టిన క్లిప్పులో ఆక్సిజన్ పడిపోతోంది.

డ్యూటీ డాక్టర్ నసీమా పరుగెత్తుకొచ్చింది. ఛాతీ విని, ఆక్సిజన్ పెట్టించి, మార్ఫిన్ రాసింది. "నొప్పి తగ్గితేనే ఊపిరి తీస్తుంది. త్వరగా!"

షారోను తొడుగు మళ్ళీ వేసుకుని బీరువా దగ్గరికి పరుగెత్తింది. బీరువా మీద ఎర్రదీపం వెలిగింది. జమున పేరు, అంకె మూడు. తెరుచుకోలేదు.

"డాక్టరు రాసినా తెరవదా ఇది?" నసీమా గొంతు లేచింది.

"డైరెక్టర్ గారి కార్డుతో తెరవాలి మేడమ్," అంది షారోను.

ఎవరో ఫోన్ చేశారు. డైరెక్టర్ గారు బయటి నుంచి వచ్చిన బృందానికి అనునాదం చూపిస్తున్నారట. మోగుతూనే ఉంది. ఎత్తలేదు.

హెప్సిబా ఇంక ఆగలేదు. జమున మెడ మీది పట్టీ తీసి తన మెడకు అంటించుకుంది. వార్డు ఇనప తలుపు దగ్గరికి నడిచి, ఎడమ చేతి వేళ్ళు రెండు సందులో పెట్టి, కుడి చేత్తో తలుపు బలంగా లాగింది.

కేక పెట్టింది షారోను. తొడుగు ఇంకా ఆమె చేతికే ఉంది. తల్లి విరగ్గొట్టుకున్న వేళ్ళ నొప్పి ఆ పిల్ల మోచేతి దాకా పాకింది. మోకాళ్ళ మీద కూలబడిపోయింది.

అంకె తొమ్మిది. పచ్చదీపం. బీరువా టక్కుమని తెరుచుకుంది.

"తియ్యండి డాక్టర్," అంది హెప్సిబా గోడకు ఆనుకుని. "పేషెంటు పేరు మీదే తెరుచుకుంది. మందు పేషెంటుకే వెళ్ళాలి."

*

జమున బతికింది. ఐసీయూలో రక్తం ఎక్కించారు. కొన్నాళ్ళు యంత్రం సాయంతో ఊపిరి తీసింది. ఒక ఊపిరితిత్తి అడుగుభాగం మాత్రం మళ్ళీ మునుపటిలా కాదని నసీమా చెప్పింది.

ఇంట్లో షారోను తల్లితో మాట్లాడటం మానేసింది. పోర్టులో క్రేను నడిపే తండ్రి ఆనందరావు ఇద్దరి మధ్యా గిన్నెలు జరుపుతూ, వాతావరణం గురించి మాట్లాడి మాట్లాడి ఓడిపోయాడు. చివరికి ఒక సాయంత్రం వంజరం చేపల పులుసు కలుపుకుంటూ షారోనే పేలింది.

"నేను అబద్ధం చెప్పలేదమ్మా. నాకు తగిలింది అంతే. నువ్వు చేసిన తొడుగే, నువ్వు నేర్పిన పాఠమే. ఇప్పుడు వార్డంతా నన్ను హంతకురాల్ని చూసినట్టు చూస్తోంది."

"నిన్ను ఎవరైనా ఒక్క మాటంటే నా దగ్గరికి పంపు. ఆ తప్పు నాది."

"నీదైతే నాకు నిద్ర పడుతుందా?" షారోను కంచం తోసేసింది. "ఆమె నాకుంది అని చెప్పింది. చెప్పింది! నేను వినలేదు. తొడుగు లేకపోతే విని ఉండేదాన్నేమో. లేనప్పుడు కనీసం నాకు తెలియదని అయినా తెలిసేది."

హెప్సిబా చెయ్యి పులుసులోనే ఆగిపోయింది. ఇన్నేళ్ళ పరిశోధనలో ఎవరూ ఆమెకు ఇంత సూటిగా చెప్పలేదు. ఎదుటివాళ్ళ నొప్పి తెలియాలని చేసిన వస్తువు, తెలిసిపోయిందన్న ధీమానిచ్చింది. "ఆ మాత్రం ఓర్చుకోలేవా?" అన్న పాత మాటే "నేను పట్టి చూశాను" అనే కొత్త చీర కట్టుకుని వార్డులోకి వచ్చింది.

"ఆ మాట నువ్వు నాతో పాటు వచ్చి చెప్తావా?" అని అడిగింది.

"ఎక్కడికి?"

"నామీద విచారణ పెట్టారు."

ఆ వారమంతా తల్లీకూతుళ్ళు లేబొరేటరీలో కూర్చున్నారు. వార్డుల్లో అనునాదం చెప్పిన అంకెల్నీ, అప్పుడు రోగులు నోటితో చెప్పిన మాటల్నీ పక్కపక్కన పెట్టి చూశారు. సికిల్ సెల్ వాళ్ళు, కీళ్ళవాతం ముదిరినవాళ్ళు, ఏళ్ళ తరబడి క్యాన్సర్‌తో ఉన్నవాళ్ళు. ఎవరి నొప్పి ఎంత పాతదైతే, యంత్రం వాళ్ళని అంత తక్కువ నమ్మింది.

*

విచారణ గదిలో షారోను తన మాట చెప్పింది, హెప్సిబా ఆ లెక్కల కాగితాలు అందించింది. రఘునందన్ మర్యాదగానే మాట్లాడాడు. ఆయన చెడ్డవాడు కాదు. వార్డుల్లో మందులు మాయమవడం చూసి విసిగినవాడు. ఒక అంకె దొరికితే గొడవలన్నీ సద్దుమణుగుతాయని మనస్ఫూర్తిగా నమ్మినవాడు.

"మేడమ్, మీరు రీడింగుని కావాలని తప్పుగా నమోదు చేయించారు. ఆ అబద్ధపు రీడింగుతో మార్ఫిన్ తీయించారు. ఇది చిన్న విషయం కాదు. అయినా మీ సేవల్ని మేం మర్చిపోం. ఆవేశంలో చేశానని ఒక్క మాట రాసివ్వండి. యంత్రంలో లోపం ఉంటే వచ్చే వెర్షన్‌లో సరిచేసుకుందాం. లేబొరేటరీ మీ చేతిలోనే ఉంటుంది."

"ఆవేశంలో చెయ్యలేదు సార్. ఆలోచించే చేశాను," అంది హెప్సిబా. కట్టుకట్టిన చేతిని బల్ల మీద పెట్టింది. "ఈ వేళ్ళు విరగ్గానే మీ బీరువా నమ్మింది. ఆ పిల్ల పొద్దున్నుంచీ నోటితో చెప్పింది, ఎవరూ నమ్మలేదు. అబద్ధపు రీడింగు ఏదో మీరే చెప్పండి. నాది తొమ్మిదా, ఆమెది మూడా?"

హెప్సిబా జవాబు కోసం ఆగకుండా మిగిలిన సభ్యుల వైపు తిరిగింది.

"వచ్చే వెర్షన్ వచ్చేదాకా మంచాల మీద ఉన్నవాళ్ళు ఏమవ్వాలి? యంత్రానికి నేర్పడానికి నాకు తమ నొప్పినిచ్చిన రోగులు, పిల్లలకు పాఠం చెప్పడానికని ఇచ్చారు. ఇంకొకరి మందుకి తాళం వెయ్యడానికి ఇవ్వలేదు. వాళ్ళకు నేనిచ్చిన మాటనే నిలబెట్టుకోలేకపోతే ఈ లేబొరేటరీ నాకెందుకు? క్షమాపణ రాయను. వార్డుల్లోంచి అనునాదాన్ని తీసేయండి."

"అది ఇప్పుడు ఆస్పత్రి ఆస్తి మేడమ్. మీరు తీసేయలేరు."

"తొడుగులు మీవి. మెడలు రోగులవి," అంది హెప్సిబా లేస్తూ.

ఆమె అక్కడినుంచి తిన్నగా వార్డుకు నడిచింది. వెనకాల షారోను. కారిడార్‌లో ఆగి ఉన్న విద్యార్థినులు ఒక్కొక్కరే కలిశారు. హెప్సిబా మంచం మంచం దగ్గరా ఆగి ఒకే సంగతి చెప్పింది. ఈ పట్టీ పెట్టుకోవడం తప్పనిసరి కాదు. వద్దనే హక్కు మీకుంది. వద్దంటే బీరువా తెరవడం ఆలస్యం కావచ్చు, అది కూడా తెలుసుకుని చెప్పండి. చెప్పాక ఎవరి పట్టీ మీదా తాను చెయ్యి వెయ్యలేదు.

క్యాన్సర్ వార్డులో ఒక పంతులమ్మ ముందుగా పీకేసింది. "నెల రోజులుగా నాకు నాలుగు అంటోంది ఇది. నాలుగట!" అని దాన్ని ఉండచుట్టి ట్రేలో పడేసింది. పక్క మంచాయన నవ్వుతూ తనదీ తీశాడు. ఆ మాట వార్డు నుంచి వార్డుకు పాకింది. మోకాళ్ళవాళ్ళు తీశారు, కాలిన గాయాలవాళ్ళు తీశారు, అనునాదం సరిగ్గానే చదివే కొత్త ఆపరేషన్ల వాళ్ళు కూడా తీశారు. నర్సుల చేతుల మీద తొడుగులు మూగబోయాయి. గోడ తెరల మీద అంకెలు చెరిగిపోయి ఖాళీ గీతలు మిగిలాయి.

బీరువాలన్నిటి మీదా ఎర్రదీపాలు.

అప్పుడే పై అంతస్తులో ఒకతనికి మందు వేళ అయింది. డాక్టర్ నసీమా బీరువా ముందు నిలబడి ఫోన్లో అంది: "డైరెక్టర్ గారూ, నేను మందు రాశాను. పేషెంటుకి నొప్పిగా ఉందని పేషెంటే చెప్పాడు. నా దగ్గర ఇంకే అంకే లేదు. మీరు దిగొచ్చి తెరుస్తారా, తాళం విరగ్గొట్టమంటారా?"

రఘునందన్ దిగి వచ్చాడు. వార్డు పొడుగునా మంచాల మీద కూర్చుని అందరూ తననే చూస్తున్నారు. ఆయన కార్డు చూపించి బీరువా తెరిచాడు. పక్క వార్డు నుంచి పిలుపు. అక్కడా తెరిచాడు. మూడో వార్డుకు వెళ్ళే దారిలో ఆగి, సాంకేతిక విభాగానికి ఫోన్ చేసి, "ఆ లంకె తీసేయండి. అన్నిటికీ," అన్నాడు. హెప్సిబా పక్కనుంచి వెళ్తూ గొంతు తగ్గించి, "మీకిక్కడ లేబొరేటరీ ఉండదు," అన్నాడు.

"తెలుసు సార్," అంది ఆమె.

*

ఉద్యోగం మిగిలింది, పాఠాలు చెప్పడం వరకు. లేబొరేటరీ తలుపు మీద ఇంకొకరి పేరు వచ్చింది. తాను కనిపెట్టినదాన్ని ఎక్కడ వాడకూడదో తన పేరు పెట్టి రాసి హెప్సిబా ఒక పరిశోధన పత్రిక్కి పంపింది. అది అచ్చయ్యాక కొన్ని కాలేజీలు తొడుగులు వెనక్కి పంపేశాయి. కొందరు పాత మిత్రులు పలకరించడం మానేశారు. ఆమె మాత్రం చిన్న గ్రాంటు ఒకటి సంపాదించింది. పాత నొప్పుల్ని కూడా చదవగలిగే యంత్రం చెయ్యాలని పట్టుదల. షారోనునీ ఇద్దరు విద్యార్థినులనీ, ఒక పెట్టెడు కొత్త పట్టీలనీ వెంటబెట్టుకుని పాడేరు ఘాట్ ఎక్కింది.

కాఫీ సంఘం షెడ్డులో జమున చాపలు పరిపించింది. చుట్టుపక్కల గూడేల నుంచి సికిల్ సెల్ ఉన్నవాళ్ళంతా వచ్చారు. బయట సన్నగా వాన. హెప్సిబా వివరంగా చెప్పింది. మీ నొప్పి ఎలా ఉంటుందో యంత్రానికి మీరే నేర్పాలి, మీరు ఆపమంటే ఆపేస్తాం, మీ మాట లేకుండా ఎక్కడా వాడం.

అందరూ జమున వైపు చూశారు. ఆమె కాసేపు ఊపిరి కూడదీసుకుంది. ఇప్పుడు ఎక్కువసేపు మాట్లాడితే ఆయాసం వస్తోంది.

"సిస్టరమ్మా, నువ్వు నా కోసం ఏళ్ళు ఇరగ్గొట్టుకున్నావు. నాను మర్సిపోను. అయినా సెప్తన్నాను, ఇనుకో. పట్టీ పెట్టుకోం."

జమున కొత్త పట్టీల పెట్టె వైపు చెయ్యి చూపించింది.

"ఈ యంత్రం నిజమే సెప్తాది అనుకో. అప్పుడేటి? మా నొప్పికి యంత్రం సాచ్చీకం కావాలని అవ్వదేటి? కొండ మీద కరెంటు పోతాది. పట్టీ పాడవుతాది. అప్పుడు మళ్ళీ మాకు నొప్పి నేదన్నట్టే కదా? నాకు నొప్పెడతందని నాను సెప్తే సాలాల. అడగండి, సెప్తాం. నమ్మడం మీ పని. అది నేర్సుకోండి."

షారోను తల్లి వైపు చూసింది. ఏళ్ళ చదువు, గ్రాంటు, తన పేరు మీద మిగిలిన ఆఖరి ఆశ, అన్నీ ఆ పెట్టెలో ఉన్నాయని ఆ పిల్లకు తెలుసు.

హెప్సిబా పెట్టె మూత వేసింది. చేత్తో దాన్ని గోడ వైపు జరిపి, చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. గ్రాంటు ఇచ్చినవాళ్ళు ఒప్పుకోరు. ఒప్పుకోకపోతే ఇంకొకరిని అడుగుతుంది. ఎవరూ ఇవ్వకపోతే కాలేజీలో చెప్పే క్లాసులు ఎటూ ఉన్నాయి. వచ్చే ఏడాది నుంచి ఆ క్లాసులు ఇక్కడే జరుగుతాయి.

"షారోనూ, అడుగు," అంది.

షారోను ముందుకు జరిగి, మూలన కూర్చున్న ఒక ముసలామె ఎదుట మోకాళ్ళ మీద కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"ఎక్కడ నొప్పి, అవ్వా?"

ముసలామె జమున వైపు చూసి, ఈ పిల్ల నిజంగానే అడుగుతోందా అన్నట్టు కళ్ళతోనే అడిగింది. జమున తలూపింది. ముసలామె మోకాలి మీద చెయ్యి వేసుకుని మొదలుపెట్టింది. తన ఏడో ఏటినుంచి మొదలుపెట్టింది. వాన హెచ్చింది, టీ వచ్చింది, టీ చల్లారింది. ఎవరూ ఆమె మాటకు అడ్డు రాలేదు.